చప్పుడు లేకపోతే క్షేమమే అనుకున్నాను

మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక తువాస్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఓడల యార్డులో చమురు ఓడ ట్యాంకు కడిగే మనిషి ఒకడు లోపల పడిపోయాడు. తోటివాళ్ళు తాడేసి పైకి లాగారు. ఊపిరి ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మా బాస్ ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. నేను గబుక్కున నా ముందున్న తెర వైపు తిరిగాను. ఆ ట్యాంకు గడి పచ్చగా ఉంది.

పచ్చ అంటే లోపలి గాలి మంచిది, దిగవచ్చు అని. ఎరుపు అంటే దిగొద్దని. ఆ రంగులు పెట్టింది నేనే. ఊపిరాడక మనిషి కూలిపోయిన ట్యాంకు, అంబులెన్సు వెళ్ళిపోయాక కూడా, దిగండి బాబూ దిగండి అంటూ పచ్చగా వెలుగుతోంది. తెర పాడైందేమో అని ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పచ్చే. పడిపోయింది ఎవరని, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ఊరికే 'లా' తగిలించే మా బాస్‌ని అడిగాను. "ఆ ముసలి మేస్త్రీ లా, నీతో మీ భాషలో మాట్లాడతాడే, ఆయన" అన్నాడు.

అసలు నా పనేమిటో చెప్పకపోతే ఈ గోల మీకు అర్థం కాదు. ఈ పరాయి దేశపు నగరంలో, ఆంగ్ మో కియో అనే పారిశ్రామిక వాడలో మాదో చిన్న కంపెనీ. అరచేతిలో పట్టే డ్రోన్లు చేస్తాం. ఒక్కోదానికీ గాలిలో విషవాయువు ఉందేమో చూసే సెన్సర్ ఒకటి, మిగతావాటితో మాట్లాడుకోవడానికి చిన్న రేడియో ఒకటి. ఓడ ట్యాంకంటే మన డాబాల మీది నీళ్ళ ట్యాంకు కాదు. అయిదారంతస్తుల లోతు, కటిక చీకటి, అడుగున చమురు మడ్డి. మనుషులు దిగేముందు ఆరు డ్రోన్లు లోపలికి ఎగిరి వెళ్ళి, అయస్కాంతం కాళ్ళతో ఇనుప దూలాలకి తలో చోటా అతుక్కుని, అక్కడి గాలి సంగతి కబురు పంపుతాయి. మనుషులు దిగి పని చేస్తున్నంతసేపూ కూడా అవే కాపలా. ఇనుము గోడల్లోంచి రేడియో బయటికి రాదు కాబట్టి ఒక డ్రోన్ ట్యాంకు మూతి దగ్గర కూర్చుని, కిందివాటి కబుర్లన్నీ పైకి చేరవేస్తుంది.

వచ్చిన చిక్కల్లా ఆ దిక్కుమాలిన బ్యాటరీతోనే. అరచేతిలో పట్టే వస్తువుకి ఎంత బ్యాటరీ పెడతాం? పిండి కొద్దీ రొట్టె. ఎగరడానికి చాలాభాగం పోతుంది. గాలిని చూడటానికి పెద్ద ఖర్చు లేదు. మిగిలిందంతా మింగేది మాటలే. రేడియో నోరు తెరిచిందంటే చాలు, బ్యాటరీ దిగిపోతుంది. అంచేత నాకు జీతమిచ్చేది డ్రోన్ల నోరు మూయించడానికి. ఎవరైనా కొత్తవాళ్ళు ఆఫీసుకొస్తే మా బాస్ నన్ను చూపించి, "ఈవిడ మా కంపెనీ పిసినారి లా" అని పరిచయం చేసేవాడు. నేను కాదనేదాన్ని కాదు.

పిసినారితనం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. మాది తెనాలి దగ్గర. హాస్టల్లో చదివే రోజుల్లో మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బస్సు దిగగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండు రింగులు, కట్. అంటే చేరాను అని. ఆ తర్వాత విశేషమేదైనా ఉంటేనే ఫోన్. "ఫోన్ రాలేదంటే బాగున్నట్టే లెక్క" అనేది అమ్మ. నా వయసు తెలుగువాళ్ళెవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, అందరం అలా బతికినవాళ్ళమే. సరిగ్గా దాన్నే తెచ్చి నేను డ్రోన్లకి పెట్టాను. గాలి మారితేనే మాట్లాడు. మారకపోతే నోరు మూసుకుని కూర్చో. నువ్వు మాట్లాడలేదంటే ఇందాక చెప్పిందే ఇప్పటికీ నిజమని పైనున్న తెర అనుకుంటుంది.

ఎంత బాగా పనిచేసిందో! బ్యాటరీలు నేనూ నమ్మలేనంత సేపు నిలిచాయి. మా బాస్ ఆ రోజు అందరికీ కింద హాకర్ సెంటర్‌లో మకాన్, అంటే భోజనం, పెట్టించాడు. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మూతి దగ్గర కూర్చున్నది అందరి మాటలూ మోసి మోసి ముందు అలిసిపోతోంది కదా, దానికి వంతులు పెట్టాను. అలిసినది దిగి ట్యాంకు అడుక్కి వెళ్ళి కూర్చోవాలి. కడిగి ఆరబెట్టిన ట్యాంకుల్లో మేం చేసిన పరీక్షల్లో అడుగున గాలి పెద్దగా మారేది కాదు. మాట్లాడే పని లేదు, హాయిగా విశ్రాంతి. అడుగున ఉన్నది పైకొచ్చి మోత అందుకోవాలి. ఇంటిపనిలో మా ఆయన కూడా ఇంత న్యాయంగా వంతు తీసుకోడని ఆఫీసులో జోకులు కూడా వేశాను. తెలివి తెల్లారినట్టే ఉంది.

యార్డులో ట్రయల్ మొదలైన మొదటి రోజు ఒక డ్రోన్ మొరాయించింది. ఎండలో డెక్కు మీద మోకాళ్ళ మీద కూర్చుని, "ఛీ, దరిద్రపుదానా, లే! నీకోసం పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చాను" అని దాన్ని తిడుతుంటే వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు.

"ఏటమ్మా, దానికి తెలుగొచ్చేటి?"

ట్యాంకులు కడిగే ముఠాకి మేస్త్రీ ఆయన. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అన్నాను, ఆయన తల్లీ అన్నాడు, అంతే, చుట్టరికం కలిసిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్ళేదాన్ని. ఆయన ముఠా అంతా దాని మీద పడేది. సీసా మూత తీసే లోపల ఆయన అందరికీ నన్ను చూపించి, ఆ ఎగిరే డబ్బాలు చేసింది మన పిల్లే అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు పొంగిపోయేది, అబద్ధమెందుకు.

ఒకరోజు ఆయన మూతి దగ్గర పెట్టిన తెర చూపించి, "ఇది పచ్చగుంటే ఏటన్నట్టు తల్లీ?" అని అడిగాడు. యార్డు నియమం వేరే ఉంది. తెర ఏం చెప్పినా సరే, దిగే ప్రతిసారీ చేతి మీటరు పట్టుకున్న మనిషి వచ్చి గాలి పరీక్ష చేయాలి. భోజనానికి పైకొచ్చి మళ్ళీ దిగినా సరే, మళ్ళీ చేయాలి. మా తెర దానికి అదనం మాత్రమే. ఆ మాట నేను చెప్పాలి కదా? చెప్పలేదు. "పచ్చగా ఉందంటే లోపల గాలి మీ ఊరి గాలంత మంచిది బాబాయ్" అన్నాను. ఆయన తలాడించాడు.

సరే, ఆ మధ్యాహ్నం సంగతికొస్తాను. మా బాస్ యార్డువాళ్ళతో మాట్లాడుతుండగా నేను రికార్డు తెరిచాను. ఏ డ్రోన్ ఎప్పుడు మాట్లాడింది, తెర ముందు ఎవరు బ్యాడ్జి పెట్టి ఎప్పుడు చూశారు, అన్నీ అందులో నిమిషాలతో సహా ఉంటాయి. అడుగున ఉన్న డ్రోన్ చివరిసారి మాట్లాడింది పది నలభైకి. అప్పుడు గాలి శుభ్రమని చెప్పింది. ఆ తర్వాత మాట లేదు. గాలి మారలేదు కాబట్టి మాట్లాడలేదని తెర అనుకుంది. కాదు. పొద్దున్నంతా మూతి దగ్గర మోత మోసి, అలిసిపోయి, నా నియమం ప్రకారం విశ్రాంతికని అడుక్కి వెళ్ళి కూర్చుని, అక్కడ చచ్చిపోయింది. బ్యాటరీ అయిపోతోందని చెప్పొద్దా అంటారేమో. చెప్పాలంటే మాట్లాడాలి కదా! ఆ చివరి మాట కోసం కాస్త ఛార్జి మిగల్చి ఉండొచ్చు, అదీ దండగేనని నేనే దాన్ని ఎగరడానికి కేటాయించాను. చివరి కబురు ఎన్నింటికి వచ్చిందో తెర మీద ఒక మూల ఉండేది. అంకెలెక్కువైతే పనివాళ్ళు తికమకపడతారని అదీ నేనే తీసేశాను.

ఒంటిగంటా అయిదుకి బాబాయ్ బ్యాడ్జి పెట్టి తెర చూశాడు. పచ్చ. దిగాడు. కాళ్ళ కింద మడ్డి కదిలింది, గ్యాసు లేచింది. లేచిందని చెప్పాల్సినది ఆయనకి రెండు గజాల దూరంలో దూలానికి అతుక్కుని నిర్జీవంగా ఉంది.

ఆ రికార్డు మా బాస్‌కి చూపించాను. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "వాళ్ళు అడిగితే చూపిద్దాం. ముందు మనం సరిగ్గా చూసుకోవాలి కదా. అడక్కముందే ఎందుకు లా?" అన్నాడు. నేను ఊ అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నా అంతట నేనే ఊ అన్నాను.

మర్నాడు యార్డు నుంచి ఇంకో కబురు. మేస్త్రీకి ప్రాణభయం లేదు, రేపు ఇంటికి పంపిస్తారు. అయితే భోజనం తర్వాత మీటరు పరీక్ష లేకుండా దిగాడు, తప్పంతా ఆయనదే అనుకుంటున్నారు. నియమం తప్పి ట్యాంకులోకి దిగినవాణ్ణి ఆ యార్డు మళ్ళీ ఉంచుకోదు, పని పర్మిట్ రద్దు చేయించి స్వదేశానికి పంపించేస్తుంది. అది విని నాలో ఏం కదిలిందో చెప్పనా? అమ్మయ్య అనిపించింది. ఆయన బతికాడన్నందుకే కాదు. తప్పు నా మీదికి రాలేదన్నందుకు. ఒక్క క్షణమే లెండి, ఆ వెంటనే ఛీ అనుకున్నాను. కానీ ఛీ అనుకున్నదాన్ని లేచి వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి, గదిలో లైటు వేసి వదిలేసినందుకు మా అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "అమ్మా, వై యూ సో యాంగ్రీ, జస్ట్ వన్ లైట్ లా" అంది అది బిక్కమొహం వేసుకుని.

మూడో రోజు విచారణ. యార్డు లోపలి విచారణే, ఒక చిన్న గదిలో. మమ్మల్ని రికార్డు తెచ్చుకోమన్నారు. తలుపు దగ్గరే సేఫ్టీ ఆఫీసర్ నన్ను ఆపాడు. మర్యాదస్తుడు, నిదానంగా మాట్లాడే మనిషి. "మేస్త్రీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మీదీ ఆయనదీ ఒకటే భాషట కదా. ఆయన చెప్పింది మాకు చెప్పి పెడతారా?" అన్నాడు. మా బాస్ నా వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. నేను సరేనన్నాను. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి కూర్చున్నాను.

బాబాయ్ లోపలికొచ్చాడు. చేతికి ఆసుపత్రి పట్టీ ఇంకా అలాగే ఉంది. రెండు రోజుల్లో సగమైపోయాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"నువ్వొచ్చేవా తల్లీ. ఇంక భయం నేదు" అన్నాడు.

ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. భోజనం తర్వాత మీటరు పరీక్ష చేయించావా అని ఆఫీసర్ అడిగాడు. చేయించలేదని ఒప్పుకున్నాడు. మీటరు మనిషి ఇంకా భోజనం నుంచి రాలేదు, పని బేగి తెమలాలని దిగేశానన్నాడు. అది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసర్ రాసుకున్నాడు. తర్వాత అడిగాడు, "దిగేముందు తెర చూశాడా? ఏ రంగు ఉంది?"

తెలుగులో అడిగాను. బాబాయ్ నా వైపు చూశాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు మేమిద్దరమే అయినా గొంతు తగ్గించాడు.

"సూడనేదని సెప్పు తల్లీ."

"చూశారు బాబాయ్. రికార్డులో ఉంది. పచ్చగా ఉంది."

"పచ్చగుందని నాకూ తెల్సు. ఆ రికార్డు ఈల్లు సూసేరా?"

"ఇంకా లేదు."

"మరింకేటి? సూడకండా దిగిపోయేడు, బుద్ది తక్కువ ముసిలోడు అని సెప్పెయ్యి. నానెలాగూ మీటరు నేకండా దిగేను, తప్పు ఎలాగూ ఉంది. దాని మీద ఇంకోటి. నన్ను పంపించెత్తారు, పోతాను. నీ ఉజ్జోగం పోకూడదు. అంత సదువు సదివి ఇంత దూరం ఒచ్చేవు."

చచ్చి బతికిన మనిషి. నన్ను తిట్టడానికి సర్వహక్కులూ ఉన్న మనిషి. నా నోటితోనే తన మీద అబద్ధం చెప్పమంటున్నాడు, నాకోసం.

"బాబాయ్, మీరెందుకు ఆగలేదు? మీటరు మనిషి వచ్చేదాకా ఆగుంటే..."

"బయటోడు సేసిన డబ్బా అయితే ఆగీవోణ్ణే. ముప్పయ్యేళ్ళ బట్టీ ఆగుతునే ఉన్నాను. మన పిల్ల సేసింది గదా అని దిగిపోయేను" అన్నాడు, నేను అడిగిందే వింత అన్నట్టుగా.

మీ ఊరి గాలంత మంచిదని నేనన్న మాటని ఆ మనిషి ప్రాణం పెట్టి నమ్మాడు. ఆఫీసర్ కలం ఎత్తి, "చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడు?" అని అడిగాడు. మా బాస్ బల్ల వైపు చూస్తున్నాడు. చూడలేదట అని రెండు ముక్కలు అంటే అయిపోతుంది. ఇక రికార్డు తెరవమని కూడా ఎవరూ అడగరు. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దేవుడి మీద ఒట్టు, వచ్చింది.

"చూశాడు. పచ్చగా ఉంది" అన్నాను ఇంగ్లీషులో. "ఆ పచ్చ తప్పు. అడుగున ఉన్న డ్రోన్ పది నలభై తర్వాత చచ్చిపోయింది. అది మాట్లాడకపోతే అంతా బాగున్నట్టే అనుకోమని తెరకి నేర్పింది నేను. ఆయన చూడలేదని చెప్పమంటున్నాడు, నన్ను కాపాడటానికి. అది నిజం కాదు. ఇదిగో రికార్డు."

మా బాస్ కళ్ళు మూసుకున్నాడు. బాబాయ్‌కి ఇంగ్లీషు రాకపోయినా నా ముఖం చూసి అర్థమైపోయింది. "సెప్పేసేవా? పిచ్చి తల్లీ" అని నెత్తి కొట్టుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతో పాటు, సిగ్గు లేకుండా, కాస్త హాయిగా కూడా అనిపించింది. నిజం చెప్పాను కదా, పెద్ద పని చేశాను కదా అని.

ఆ హాయి ఎంతసేపు? ఆఫీసర్ రికార్డు వైపు చూడనైనా లేదు. కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు. అంత నిదానస్తుడూ ఫోన్‌లో అరుస్తున్నాడు. పక్క ఓడలో ఇంకో రెండు ట్యాంకులకి కూడా మా డ్రోన్లే కాపలా. అక్కడ పని ఆపలేదు. ఎందుకు ఆపుతారు? తప్పు మేస్త్రీదే అనుకున్నారు కదా. పొద్దున మీటరుతో పరీక్ష చేసి దింపారు, దిగాక లోపల గాలి మారితే చెప్పాల్సింది మా డ్రోన్లు. లోపల ఎంతమంది ఉన్నారని అరిచాడు. అయిదుగురన్నారు. అందరినీ పైకి తెమ్మన్నాడు, ఇప్పుడే, ఉన్నపళంగా.

ఓరి దేవుడో. ఆ రెండు ట్యాంకులు నాకు గుర్తే రాలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, మా ఫ్లాట్ గుర్తొచ్చింది, మా అమ్మాయి బడి గుర్తొచ్చింది. బాబాయ్ మొహం ఎలా చూడాలా అని కూడా ఆలోచించాను. నిన్నా, ఇవాళా ఆ పచ్చని చూసుకుంటూ అయిదుగురు లోపల పని చేస్తున్నారన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఆఫీసర్ ఫోన్ చెవికి పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒకడు వచ్చాడన్నారు. ఇద్దరన్నారు. మూడో మనిషి తర్వాత చాలాసేపు ఏమీ చెప్పలేదు. నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను. చివరికి అయిదుగురూ పైకొచ్చేశారన్నారు. అందరూ బాగానే ఉన్నారు.

"ఏటయింది తల్లీ? ఎవులు లోపలున్నారు?" అని బాబాయ్ అడుగుతున్నాడు ఇందాకటి నుంచీ. చెప్పాను. పక్క ఓడలో అయిదుగురు దిగారని, వాళ్ళ తెర కూడా ఇలాంటిదేనని. వాళ్ళు ఆయన ముఠావాళ్ళే. ఆయన లేనందున వేరే మేస్త్రీ కింద దిగారు. బాబాయ్ నెమ్మదిగా అడిగాడు.

"ఆ డబ్బా సచ్చిపోయిందని నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న."

"మొన్న ఎప్పుడు?"

"మీరు పడిపోయిన గంటకే, బాబాయ్."

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఏమీ అర్థం కానట్టు చూశాడు.

"మొన్న తెలిసి, నిన్న ఆల్లని దిగనిచ్చేవా?"

ఆయన ఏమంటున్నాడని ఆఫీసర్ నన్ను అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.